సోయా తగ్గించి బ్రాయిలర్ దాణా చేయాలంటే: ఏ చెక్క ఎంత, ఎందుకు

బ్రాయిలర్ దాణాలో సోయా చెక్కకు (గింజలోంచి నూనె తీశాక మిగిలే పిండికి) బదులు ఏం కలపొచ్చు అనే మాట వస్తే చర్చ ప్రోటీన్ శాతం దగ్గరే మొదలవుతుంది, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. సోయాలో 46%, వేరుశనగ చెక్కలో 45%. ఒక్క శాతమే తేడా కాబట్టి కిలోకు కిలో మార్చేయొచ్చు అనిపిస్తుంది. అలా మార్చిన బ్యాచ్‌లో మొదటి వారం ఏమీ తెలియదు. రెండో వారం చివరికి బరువు వెనకబడుతుంది, ఈకలు సరిగా రావు, గుంపులో చిన్నా పెద్దా తేడా పెరుగుతుంది. మేత మాత్రం ఎప్పటిలాగే ఖాళీ అవుతుంది. తప్పు చెక్కది కాదు, లెక్కది.

ల్యాబ్ రిపోర్టులో కనిపించే ముడి ప్రోటీన్ అంటే నైట్రోజన్‌ను కొలిచి 6.25తో హెచ్చించిన అంకె, అంతే. ఆ నైట్రోజన్ లైసిన్‌లోంచి వచ్చిందా, అర్జినిన్‌లోంచి వచ్చిందా, ఎవరైనా కలిపిన యూరియాలోంచి వచ్చిందా అన్నది ఆ అంకెలో ఉండదు. కోడిపిల్ల కండ పెంచుకోవడానికి కావలసింది పేగులో అరిగి రక్తంలోకి చేరే అమైనో ఆమ్లాలు. వాటిలో లైసిన్‌ను కొలబద్దగా పెట్టుకుని మిగతావాటిని దాని మీద లెక్కగడతాం. నేటి వేగంగా పెరిగే జాతులకు జీర్ణమయ్యే లైసిన్ స్టార్టర్‌లో (మొదటి పది రోజుల దాణా) 1.2 నుంచి 1.3%, గ్రోయర్‌లో (ఆ తర్వాత ఇరవై నాలుగో రోజు దాకా) 1.1 నుంచి 1.15%, ఫినిషర్‌లో (అక్కడి నుంచి చివరి దాకా) 1% చుట్టూ కావాలి. లైసిన్ 100 అనుకుంటే మిథియోనిన్, సిస్టీన్ కలిపి 75, థ్రియోనిన్ 67, వాలిన్ 76, అర్జినిన్ 106 దగ్గర ఉండాలి. జాతి కంపెనీ ఇచ్చే పట్టికలో ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ ఉంటాయి. మీ దగ్గర ఉన్న జాతి పట్టికనే పట్టుకోండి.

ఇప్పుడు వేరుశనగ చెక్క లెక్క చూద్దాం. టన్ను దాణాలో 50 కిలోల సోయా తీసి 50 కిలోల నూనె తీసిన వేరుశనగ చెక్క పెట్టామనుకోండి. సోయాలో మొత్తం లైసిన్ 2.85%, అరిగేది అందులో 90%. అంటే 50 కిలోలకు సుమారు 1,280 గ్రాములు. వేరుశనగలో మొత్తం 1.5%, అరిగేది 80%. అంటే 600 గ్రాములు. టన్నుకు 680 గ్రాముల లోటు. సంచుల్లో అమ్మే లైసిన్ హైడ్రోక్లోరైడ్‌లో అసలు లైసిన్ 78% కాబట్టి ఆ లోటు పూడ్చాలంటే 870 గ్రాములు కలపాలి. థ్రియోనిన్‌లో 275 గ్రాములు, మిథియోనిన్‌లో 70 గ్రాముల దాకా లోటు పడుతుంది, అవీ కలపాలి. ఈ మూడూ కలిపిన తర్వాతే 50 కిలోల వేరుశనగ చెక్క 50 కిలోల సోయా పని చేస్తుంది. చెక్క చవకా కాదా అన్నది కూడా ఈ మూడింటి ఖర్చు కలిపాకే తేలుతుంది. నేను వాడిన అంకెలు సగటువి. మీ సరుకు అంకెలు ల్యాబ్ నుంచి తెచ్చుకుని ఇదే లెక్క వేసుకోండి, పద్ధతి మారదు.

వేరుశనగలో అర్జినిన్ మాత్రం పుష్కలం, 5% దాకా ఉంటుంది. అర్జినిన్, లైసిన్ ఒకదానికొకటి పోటీ. అర్జినిన్ మరీ మిగిలిపోయి లైసిన్ తక్కువైతే ఆ ఉన్న కాస్త లైసిన్ కూడా సరిగా పనికిరాదు. అందుకే వేరుశనగ చెక్క కలిపేటప్పుడు లైసిన్ దగ్గర పిసినారితనం చేయకూడదు.

ఈ చెక్కకు అసలు గండం అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. తీగ లాగితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. ఆ చెక్క మీద పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పేరు మీదే ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అంటే ఈ విషం గురించి లోకానికి తెలిసిందే కోళ్ల దాణాలో కలిపిన వేరుశనగ చెక్క వల్ల.

చెక్క గడ్డను చేత్తో విరిచి చూడండి. మంచి చెక్క లేత గోధుమ రంగులో ఉంటుంది, వేయించిన పల్లీ వాసన వేస్తుంది, పొడిపొడిగా విరుగుతుంది. లోపల పచ్చటి లేదా నల్లటి దారాల్లాంటివి కనిపించినా, తడి గోనె సంచి వాసన వచ్చినా ఆ లాట్ వద్దు. కానీ చూపుకు శుభ్రంగా ఉన్న చెక్కలో కూడా విషం ఉండొచ్చు, ఎందుకంటే నూనె మిల్లులో బూజు చచ్చినా విషం ఆ వేడికి చావదు. కాబట్టి పరీక్ష తప్పదు. ఆ పరీక్షకు శాంపిల్ తీసే తీరే అన్నిటికన్నా ముఖ్యం. విషం చెక్క అంతటా సమానంగా పరుచుకుని ఉండదు, బూజు పట్టిన కొద్ది గింజల్లోనే గుట్టగా ఉంటుంది. ఒక సంచిలోంచి గుప్పెడు తీసి పంపిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. కనీసం పది సంచుల్లో పైనా మధ్యా అడుగునా బొంబు (శాంపిల్ తీసే గొట్టం) గుచ్చి, మొత్తం మూడు నుంచి ఐదు కిలోలు తీసి, అంతా కలిపి మెత్తగా మరపట్టి, ఆ పిండిలోంచి అరకిలో ల్యాబుకు పంపాలి.

రిపోర్టు వచ్చాక లెక్క చెక్క మీద కాదు, మొత్తం దాణా మీద వేయాలి. చెక్కలో 100 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో వంద భాగాలు) ఉండి 5% కలిపితే దాణాకు 5 పీపీబీ చేరుతుంది. అదే దాణాలో 60% ఉన్న మొక్కజొన్నలో 10 పీపీబీ ఉంటే దాని వాటా 6. మొత్తం 11. దాణాలో 20 పీపీబీ అనేది చాలాచోట్ల వాడే పైహద్దు. పిల్లల దాణాలో 10 దాటనివ్వకపోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే చావులు కనిపించక ముందే టీకాలు సరిగా పట్టకపోవడం మొదలవుతుంది. కోసి చూస్తే కాలేయం ఉబ్బి, పాలిపోయి, పసుపు తిరిగి ఉంటుంది. చర్మం కింద చిన్న దెబ్బకే రక్తం గూడుకడుతుంది. బెంటోనైట్ లాంటి బంకమట్టి బైండర్లు అఫ్లాటాక్సిన్‌ను బాగానే పట్టుకుంటాయి. అది చెడ్డ సరుకును మంచి చేసే మందు మాత్రం కాదు, మంచి సరుకుకు వేసే కాపలా.

పొద్దుతిరుగుడు చెక్క సంగతి వేరు. దీనిలో విషాల భయం తక్కువ, పీచే సమస్య. పొట్టుతో ఆడించినదైతే ప్రోటీన్ 28 నుంచి 30%, పీచు 25% దాటుతుంది. పొట్టు చాలావరకు తీసినదైతే ప్రోటీన్ 36 నుంచి 40%, పీచు సుమారు సగానికి పడిపోతుంది. రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు. కొంత చెక్కను తెల్ల పళ్లెంలో పల్చగా పరిచి చూస్తే నల్లటి, చారల పొట్టు ముక్కలు ఎన్ని ఉన్నాయో కళ్లకే తెలిసిపోతుంది. ఐనా పీచు పరీక్ష చేయించండి, ఆ అంకె లేకుండా ఈ చెక్కను ఫార్ములాలో పెట్టడం చీకట్లో బాణం వేయడమే.

ఈ చెక్కలో మిథియోనిన్ బాగుంటుంది, లైసిన్ తక్కువ. దీని అసలు ఖర్చు శక్తి దగ్గర పడుతుంది. సోయాలో కిలోకు 2,300 కిలో కేలరీలు అనుకుంటే మధ్యరకం పొద్దుతిరుగుడులో 1,700. టన్నుకు 50 కిలోలు మారిస్తే 30,000 కిలో కేలరీల లోటు, అంటే కిలో దాణాకు 30. నూనెలో 8,800, మొక్కజొన్నలో 3,350 కాబట్టి ఒక కిలో మొక్కజొన్న తీసి ఒక కిలో నూనె వేస్తే 5,450 కలిసొస్తుంది. ఆ లెక్కన ఐదున్నర కిలోల నూనె పోయాలి. మొక్కజొన్న తగ్గడంతో పోయే కాస్త ప్రోటీన్ సంగతి వదిలేయొచ్చు, నూనె ఖర్చును మాత్రం వదిలేయకూడదు. పొద్దుతిరుగుడు చవకగా వచ్చింది అని సంబరపడేవాళ్లు ఈ వరుస దగ్గరే మోసపోతారు.

ఇంకో సంగతి మిక్సర్ దగ్గర తెలుస్తుంది. ఈ చెక్క తేలిక, చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. టన్ను మిక్సర్‌లో 10% పొద్దుతిరుగుడు వేస్తే టన్ను పట్టకపోవచ్చు. పైదాకా నింపి తిప్పితే పైపొర కలవదు, ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల మిశ్రమం) ఒకచోటే ఉండిపోతుంది. మిక్సర్‌ను ఆ మేరకు తక్కువ బరువుతో నింపాలి. కొంచెం గరుకు పొట్టు కందనకాయకు మేలే చేస్తుంది, కండ బలంగా పెరిగి మేత బాగా నలుగుతుంది. అందుకే ఫినిషర్‌లో ఈ చెక్క 8 నుంచి 10% దాకా బాగా ఇముడుతుంది. స్టార్టర్‌లో మాత్రం 3% మించి వద్దు. ఆ వయసు పిల్ల పొట్ట చిన్నది, పీచుతో నింపేస్తే కావలసిన శక్తి తినలేదు.

పత్తి గింజల చెక్క పేరు వింటేనే చాలామంది వెనకాడతారు. భయం ఆ గింజలో సహజంగా ఉండే గాసిపాల్ అనే విషం గురించి. గాసిపాల్ రెండు రకాలుగా ఉంటుంది: విడిగా ఉన్నది, ప్రోటీన్‌కు అతుక్కున్నది. కోడికి హాని చేసేది విడిగా ఉన్నది. అతుక్కున్నది హాని చేయదు కానీ అది అతుక్కునేది లైసిన్‌కే, కాబట్టి ఆ లైసిన్ కోడికి దక్కదు. గానుగలో బాగా వేడెక్కిన చెక్కలో విడి గాసిపాల్ తక్కువగా ఉండి లైసిన్ కూడా తక్కువగా దక్కేది ఇందుకే. లైసిన్‌లో అరిగేది 65% చుట్టూ అని లెక్కేసుకుంటే మోసం ఉండదు.

దాణాలో విడి గాసిపాల్ 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద భాగాలు) లోపు ఉంచి, ఇనుముతో కట్టేస్తే ఫినిషర్‌లో ఈ చెక్క పనికొస్తుంది. చెక్కలో 0.08% ఉందనుకోండి, అంటే 800 పీపీఎం. 8% కలిపితే దాణాలో 64 పీపీఎం. గాసిపాల్ ఎంత బరువుందో అంతే బరువు ఇనుము వేయాలి: టన్నుకు 64 గ్రాములు. మామూలుగా దొరికే లేత ఆకుపచ్చ ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్‌లో ఇనుము 20%, కాబట్టి 320 గ్రాములు. మోనోహైడ్రేట్ అయితే 30%, కాబట్టి 215 గ్రాములు చాలు. సంచి మీద ఏ రకమో చదవకుండా వేస్తే మూడో వంతు తక్కువో సగం ఎక్కువో పడుతుంది. దీన్ని విటమిన్ ప్రీమిక్స్‌లో కలిపి నిలవ పెట్టకండి, ఇనుము విటమిన్లను పాడుచేస్తుంది. ముందు పత్తి చెక్కతోనే కలిపి, ఆ తర్వాత మిగతావాటిలో వేయండి. విడి గాసిపాల్ రిపోర్టు లేని లాట్‌ను ఏ వయసు బ్రాయిలర్‌కూ పెట్టకూడదు, ఈ ఒక్క విషయంలో నేను సడలింపు ఇవ్వను.

ఆవ జాతి చెక్కల్లో ముందు అడగాల్సింది ఏ రకం విత్తనం అని. కెనోలా (ఘాటు తగ్గించిన రకం) అని పిలవాలంటే చెక్కలో గ్లూకోసినోలేట్లు, అంటే ఆవ ఘాటుకు కారణమయ్యే పదార్థాలు, గ్రాముకు 30 మైక్రోమోల్ లోపు ఉండాలి, ఇప్పటి రకాల్లో అంతకన్నా బాగా తక్కువ ఉంటాయి. మామూలు ఘాటు ఆవ చెక్కలో ఇవి దానికి ఎన్నో రెట్లు. కోడి దాణా మొత్తంలో గ్రాముకు 2 మైక్రోమోల్ దాటకుండా చూసుకోవడం క్షేమం. 10 ఉన్న కెనోలా చెక్కను 10% వేస్తే 1 వస్తుంది, నిశ్చింతగా ఉండొచ్చు. 100 ఉన్న ఆవ చెక్క 2% వేస్తేనే హద్దు తగులుతుంది. హద్దు దాటితే థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది, కాలేయంలో రక్తస్రావం అవుతుంది, అన్నిటికన్నా ముందు ఘాటుకు మేత తినడం తగ్గుతుంది. మేత తొట్టిలో దాణా మిగిలిపోవడం మొదటి గుర్తు.

మొక్కజొన్న నుంచి వచ్చే రెండు ఉప ఉత్పత్తులు ఒకదానికొకటి పోలిక లేనివి. గ్లూటెన్ మీల్‌లో ప్రోటీన్ 60%, శక్తి కిలోకు 3,700 దాకా, మిథియోనిన్ ఎక్కువ, పసుపు రంగు పదార్థాలు దండిగా ఉంటాయి. లైసిన్ మాత్రం 1%. 60% ప్రోటీన్‌లో ఒక్క శాతం! లూసిన్ మరీ ఎక్కువ, అది వాలిన్, ఐసోలూసిన్ వాడకాన్ని అడ్డుకుంటుంది. అర్జినిన్ కూడా తక్కువే. అందుకే దీనికి మంచి జోడీ వేరుశనగ చెక్క: ఒకదానిలో మిథియోనిన్ ఉంటుంది, ఇంకోదానిలో అర్జినిన్ ఉంటుంది, ఇద్దరికీ లేని లైసిన్‌ను సంచిలోంచి వేస్తాం. రెండూ 3 నుంచి 4% చొప్పున కలిపిన దాణా, ఏదో ఒక్కదాన్నే 8% కలిపిన దాణా కన్నా నిలకడగా పనిచేస్తుంది. చర్మం తెల్లగా కావాలనే మార్కెట్‌కైతే గ్లూటెన్ వద్దు.

రెండోది డీడీజీఎస్, అంటే సారాయి తయారీలో మిగిలే గింజ పిప్పిని ఎండబెట్టినది. దీన్ని రంగు చూసి కొనాలి. లేత బంగారు రంగు, పులిసిన తీపి వాసన ఉంటే మంచిది. ముదురు కాఫీ రంగు, మాడు వాసన ఉంటే ఆరబెట్టేటప్పుడు చక్కెర లైసిన్‌కు అతుక్కుపోయిందని అర్థం. రిపోర్టులో లైసిన్ 0.75% అనే కనిపించవచ్చు, కోడికి దక్కేది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. గింజలోని పిండి సారాయిగా మారి వెళ్లిపోయాక మిగిలినదే ఇది, కాబట్టి గింజలో ఉన్న బూజు విషాలు సుమారు మూడింతలు చిక్కబడి వస్తాయి. బియ్యం నుంచి వచ్చిన దానిలో ప్రోటీన్ 40% పైన ఉంటుంది, మొక్కజొన్నదానిలో 27% చుట్టూ. ఈ రెంటినీ ఒకే వరుసలో రాసుకుంటే ఫార్ములా మొత్తం తప్పుతుంది. ఫినిషర్‌లో 8% నాకు సరైన హద్దు అనిపిస్తుంది. అంతకు మించితే పెల్లెట్ (దాణా గుళిక) పొడిబారి విరుగుతుంది.

నువ్వుల చెక్క గురించి క్లుప్తంగా: మిథియోనిన్‌కు దీన్ని మించిన చెక్క లేదు, లైసిన్‌కు ఇంత పేద చెక్కా అరుదే. ఫైటేట్, ఆక్సలేట్ ఎక్కువ, కాల్షియాన్నీ జింకునూ పట్టేసుకుంటాయి. కాళ్లు బలహీనపడ్డాయంటే అటు చూడండి. 3 నుంచి 5% చాలు.

గోరుచిక్కుడు గింజ నుంచి వచ్చే గ్వార్ మీల్‌లో, కొర్మాలో ప్రోటీన్ 40% నుంచి 50% పైదాకా ఉంటుంది. వీటిలో మిగిలిపోయిన బంక పేగులోని మేతను జిగురుగా మార్చేస్తుంది. ఎంజైములు ఆ జిగురులోకి చొరబడలేవు, రెట్ట అంటుకునేలా వస్తుంది, లిట్టర్ (షెడ్ నేల మీద పరిచే పొట్టు) గట్టిపడి అట్టలు కడుతుంది, అరికాళ్లు పుండ్లు పడతాయి. వేయించని మీల్ అయితే 2.5%, వేయించిన కొర్మా అయితే 5%. రెంటిలో ఏదైనా బీటా మాననేజ్ ఎంజైమ్ లేకుండా కలపొద్దు. చెక్కలకు ఎంజైమ్ వేయడం దండగ అనేవాళ్లు గ్వార్ విషయంలో ఒక్క బ్యాచ్ లిట్టర్‌ను చూస్తే చాలు.

బఠాణీలు చెక్కల్లా కాకుండా గింజగానే వాడతాం. ప్రోటీన్ 22 నుంచి 24% మాత్రమే, కానీ లైసిన్ 1.6% దాకా ఉంటుంది, పిండి పదార్థం 45% దాకా ఉంటుంది. కొంత సోయానూ కొంత మొక్కజొన్ననూ ఒకేసారి తగ్గిస్తాయి. మిథియోనిన్ బాగా తక్కువ, అది గుర్తుపెట్టుకుంటే గ్రోయర్ నుంచి 15% దాకా ఏ ఇబ్బందీ ఉండదు.

అజొల్లా గురించి మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి, ఎందుకంటే చిన్న రైతులు దీని మీద పెట్టుకునే ఆశ పెద్దది. అజొల్లాలో ప్రోటీన్ 22 నుంచి 25% అని చెప్పేది ఎండిన దాని లెక్క. తాజా అజొల్లాలో నీరే 94%. కిలో తాజా అజొల్లా ఎండితే 60 గ్రాములు, అందులో ప్రోటీన్ సుమారు 14 గ్రాములు. రోజుకు 150 గ్రాముల దాణా తినే కోడికి అందులోంచి 30 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. అదే కోడికి 100 గ్రాముల తాజా అజొల్లా పెడితే 1.4 గ్రాముల ప్రోటీన్ వచ్చి, పొట్ట 94 గ్రాముల నీటితో నిండుతుంది. నిదానంగా పెరిగే పెరటి కోళ్లకు అది మంచి పచ్చిమేత. ఆరు వారాల్లో రెండున్నర కిలోలు దాటాల్సిన బ్రాయిలర్‌కు అది సోయా బదులు కాదు. మునగ, సుబాబుల్ ఆకుపొడులదీ ఇదే కథ, సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషం కూడా ఉంటుంది.

ఇన్ని చెక్కల మధ్య చాలామంది మరిచిపోయే దారి ఒకటుంది. సోయాను మరో చెక్కతో మార్చకుండా, దాణాలో ముడి ప్రోటీన్‌నే ఒక శాతం తగ్గించి, లైసిన్, మిథియోనిన్, థ్రియోనిన్, వాలిన్‌లను సంచుల్లోంచి వేయడం. టన్నుకు 1% ప్రోటీన్ అంటే 10 కిలోలు. సోయాలో 46, మొక్కజొన్నలో 8.5 ఉంటుంది కాబట్టి ఆ తేడా మీద లెక్కేస్తే 27 కిలోల సోయా తగ్గి, దాదాపు అంతే మొక్కజొన్న పెరుగుతుంది. పీచు పెరగదు, విషం రాదు, రెట్టలో నైట్రోజన్ తగ్గి లిట్టర్ పొడిగా ఉంటుంది, అమ్మోనియా ఘాటు తగ్గుతుంది. ముందు ఈ పని చేసి, ఆ తర్వాతే చెక్కల జోలికి వెళ్లమని నా సలహా. ఒకటిన్నర రెండు శాతం దాటి తగ్గిస్తే మాత్రం గ్లైసిన్, అర్జినిన్, ఐసోలూసిన్ కూడా లెక్కలోకి వస్తాయి, అక్కడ ఆగడం మంచిది.

ఏ దారి పట్టినా సోయా తగ్గిందంటే ఉప్పుల లెక్క మారుతుంది. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. సోయాలో పొటాషియం 2% పైన ఉంటుంది, గ్లూటెన్‌లో 0.2%. 50 కిలోలు మారిస్తే దాణాలో ఎలక్ట్రోలైట్ బ్యాలెన్స్ (సోడియం, పొటాషియం కలిపి అందులోంచి క్లోరైడ్ తీసేస్తే మిగిలే అంకె) కిలోకు 24 మిల్లీ ఈక్వివలెంట్లు పడిపోతుంది. పైగా లైసిన్ హైడ్రోక్లోరైడ్‌లో క్లోరైడ్ 19%. టన్నుకు 3 కిలోలు వేస్తే 580 గ్రాముల క్లోరైడ్ అదనంగా చేరుతుంది. అప్పుడు ఒక కిలో ఉప్పు తగ్గించి, పోయిన సోడియం కోసం 1.4 కిలోల సోడియం బైకార్బొనేట్ వేయాలి. పొటాషియం మరీ తగ్గితే పొటాషియం కార్బొనేట్ వాడాలి, పొటాషియం క్లోరైడ్ వేస్తే మళ్లీ క్లోరైడ్ పెరుగుతుంది. ఈ బ్యాలెన్స్ అంకె కిలోకు 220 నుంచి 250 మధ్య ఉండాలి. ఎండాకాలంలో ఈ అంకె పడిపోయిన దాణా పెడితే కోడి రొప్పుతూ ఇంకా కుంగిపోతుంది, నెపం చెక్క మీదికి పోతుంది.

సరుకు దిగేటప్పుడు చేయాల్సిన ఒక చిన్న పరీక్ష చెబుతాను, ఖర్చు దాదాపు లేదు. యూరియాలో నైట్రోజన్ 46%, దాన్ని 6.25తో హెచ్చిస్తే 287% ప్రోటీన్‌గా కనిపిస్తుంది. వంద కిలోల చెక్కలో ఒక్క కిలో యూరియా కలిపితే రిపోర్టులో ప్రోటీన్ సుమారు రెండున్నర శాతం పెరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికి, రెండు చెంచాల చెక్కపొడిని సీసాలో వేసి, గోరువెచ్చటి నీళ్లు పోసి, ఒక చెంచా పచ్చి సోయాగింజల పిండి కలిపి మూత బిగించండి. పచ్చి సోయాలోని యూరియేజ్ ఎంజైమ్ యూరియాను అమ్మోనియాగా విడగొడుతుంది. అరగంట తర్వాత మూత తీయగానే ముక్కుకు ఘాటు కొడితే, లేదా తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని మూతి దగ్గర పెడితే నీలంగా మారితే, ఆ లారీని వెనక్కి పంపండి. పక్కనే కల్తీ లేదని నమ్మకమున్న చెక్కతో ఇంకో సీసా పెట్టుకుంటే పోలిక తెలుస్తుంది. వేయించిన సోయా వాడితే ఈ పరీక్ష పనిచేయదు, ఎంజైమ్ చచ్చిపోయి ఉంటుంది.

తేమ 11% మించితే తీసుకోకండి. ఆమ్లంలో కరగని బూడిద, అంటే ఇసుక, 2.5% మించితే బరువుకు డబ్బు ఇచ్చి మట్టి కొన్నట్టే. గానుగ చెక్కలో నూనె 6 నుంచి 8% మిగులుతుంది, శక్తికి మంచిదే కానీ త్వరగా ముక్కిపోతుంది, మూడు వారాలకు మించి నిలవ ఉంచొద్దు. నూనె తీసిన చెక్క ఎక్కువ కాలం ఆగుతుంది. రెంటినీ కర్ర దిమ్మల మీద, గోడకు రెండడుగుల దూరంలో పేర్చాలి.

కొత్త చెక్కను ఏ వయసులో మొదలుపెట్టాలి అన్నదానికి నాది ఒకటే జవాబు: పదో రోజు ముందు ముట్టుకోవద్దు, ముట్టుకున్నా 3% లోపే. పిల్ల క్లోమం, పేగు మొదటి పది రోజుల్లోనే తయారవుతాయి. అప్పుడు అరగని ప్రోటీన్ సీకమ్‌లోకి (పేగు చివరి తిత్తుల్లోకి) జారితే అక్కడ క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, పేగు గోడను కుళ్లబెట్టే నెక్రోటిక్ ఎంటిరైటిస్ జబ్బుకు దారి తెరుచుకుంటుంది. స్టార్టర్‌లో సోయా మీద మిగిల్చే డబ్బు చాలా చిన్నది, ఎందుకంటే ఆ పది రోజుల్లో పిల్ల తినేదే 300 గ్రాములు. మొత్తం దాణాలో సింహభాగం ఖర్చయ్యేది ఇరవై నాలుగో రోజు తర్వాతే. మార్పులు అక్కడ చేయండి. రెండు మూడు చెక్కలు కలిపినా, అన్నీ కలిసి ఫినిషర్‌లో 15% దాటకుండా, ముడి పీచు 5% దగ్గర ఆగేలా చూసుకోండి. ఫైటేట్‌ను విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్‌ను టన్నుకు సరిపడా వేసి, పెల్లెట్ వేడి 85 డిగ్రీలు దాటేటట్లయితే వేడికి ఆగే రకమో కాదో కనుక్కోండి.

షెడ్ మొత్తానికి పెట్టే ముందు అదే షెడ్‌లో, ఒకే హేచరీ పిల్లలతో, తెరలు కట్టి విభాగాలు చేయండి. పాత దాణాకు నాలుగు, కొత్తదానికి నాలుగు, ఒక్కో దానిలో యాభై కోళ్లు. ఫ్యాన్ వైపూ గుమ్మం వైపూ రెండు దాణాలూ సమానంగా పడేలా మార్చి మార్చి పెట్టండి. వేసిన దాణా, మిగిలిన దాణా, చనిపోయిన కోడి బరువు రాసుకోండి. పది, ఇరవై నాలుగు, ముప్పై ఐదో రోజుల్లో తూకం వేయండి. ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి తిన్న దాణా) ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. చవక దాణాకు ఎఫ్‌సీఆర్ కొంచెం పెరిగినా, కిలో కోడికి పడిన దాణా ఖర్చు తగ్గితే అది గెలిచినట్టే. ఆఖరి తూకం రోజున ప్రతి విభాగంలో పది కోళ్లను తిప్పి అరికాళ్లు చూడండి, లిట్టర్‌ను గుప్పిట పట్టి నొక్కండి. వదిలాక ముద్దగానే నిలబడితే, తూకం ఎంత బాగా వచ్చినా ఆ ఫార్ములాను వానాకాలానికి వాడొద్దు.